మొదటి ప్లైవుడ్ పుస్తకాల షెల్ఫ్: ఏ జాయింట్ వేస్తే నిలబడుతుంది?

కొత్తరంపం

నమస్కారం. 18 మిమీ ప్లైవుడ్‌తో ఒక పుస్తకాల షెల్ఫ్ చేద్దామనుకుంటున్నాను. ఇదే మొదటి పని. ఎత్తు 1200 మిమీ, వెడల్పు 800, లోతు 300. పైన ఒకటి, అడుగున ఒకటి, మధ్యలో మూడు, వెరసి ఐదు అరలు. అడుగు అర నేలకి 60 మిమీ పైన ఉంటుంది.

కొలతలదాకా బాగానే వచ్చాను గానీ జాయింట్ దగ్గర ఆగిపోయాను. ఒకరు స్క్రూలు చాలంటారు, ఇంకొకరు అంచులో స్క్రూ వేస్తే పొరలు విచ్చుకుంటాయంటారు. డోవెల్ (గుండ్రటి చెక్క మేకు), పాకెట్ హోల్, గాడి (అర కొస కూర్చోవడానికి పలకలో తీసే కాలువ), బిస్కెట్ (గాట్లలో జిగురుతో దూర్చే పల్చటి చెక్క బిళ్ల), మినీఫిక్స్... చదివినకొద్దీ అయోమయం ఎక్కువైంది.

నా దగ్గరున్నవి: డ్రిల్ మెషిన్, చేత్తో పట్టుకునే సర్కులర్ సా, నాలుగు క్లాంపులు, మూలమట్టం, ఒక ఉలి. రౌటర్ (గాడులు తొలిచే మెషిన్) లేదు. కావాలంటే ట్రిమ్మర్, అంటే చిన్న రౌటర్, అరువు దొరుకుతుంది.

పుస్తకాల బరువుకి అరలు ఊడకూడదు, షెల్ఫ్ పక్కలకి ఊగకూడదు. స్క్రూ తలలు కనపడకపోతే ఇంకా మంచిది, తప్పదంటే సర్దుకుంటాను.

ఉలిపట్టు

జాయింట్ల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ప్లైవుడ్ ముక్కని అంచు వైపు నుంచి చూడండి. ఒక పొర నార నిలువుగా, దాని పక్క పొర నార అడ్డంగా ఉంటుంది. ముఖం మీద నుంచి దింపిన స్క్రూ ఈ పొరలన్నిటినీ గుచ్చుకుంటూ పోతుంది, పట్టు గట్టిగా ఉంటుంది. అంచులోకి దింపిన స్క్రూ మాత్రం పొరల మధ్య చీల దిగినట్టు దిగుతుంది. మీరు చదివిన గొడవంతా ఇక్కడే ఉంది. ముఖం బలం, అంచు బలహీనం. ఏ జాయింట్ చూసినా అంచుని ఎంత ఇబ్బంది పెడుతోంది అని అడగండి, సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

డవ్‌టెయిల్ వద్దు. అందులో ఒకదానిలో ఒకటి దూరే చిన్న చిన్న చెక్క పళ్లు మిగులుతాయి, ప్లైలో వాటి పై పొర ఊరికే పెచ్చులూడిపోతుంది. కుసి జాయింట్ (ఒక ముక్క కొసని నాలుకలా చెక్కి ఇంకోదాని బెజ్జంలో దూర్చేది) కూడా అంతే. కుసిలో దాదాపు సగం పొరల నార అడ్డంగా ఉంటుంది, గట్టి చెక్క కుసికి ఉండే బలం దానికి రాదు. బిస్కెట్ ముక్కల్ని వరసలో నిలబెట్టడానికి పనికొస్తుంది, దానికి వేరే మెషిన్ కావాలి, వదిలేయండి. మినీఫిక్స్ విడదీసి మళ్లీ బిగించుకునే ఫర్నిచర్ కోసం. 15 మిమీ వెడల్పు బెజ్జం పలకలోకి సుమారు 13 మిమీ లోతు తవ్వాలి, దాని బోల్టు బెజ్జం సరిగ్గా దానికి ఎదురు రావాలి. చేతి డ్రిల్‌తో మొదటిసారే అది కుదరడం కష్టం.

పాకెట్ హోల్‌ని చాలామంది తీసిపారేస్తారు గానీ అందులో ఒక సుగుణం ఉంది. అరలో ఏటవాలుగా బెజ్జం వేసి స్క్రూ బిగిస్తే, దాని మర వెళ్లి పట్టుకునేది పక్క పలక ముఖాన్ని, అంచుని కాదు. 18 మిమీ పలకకి 32 మిమీ పొడవున్న, మర వెడల్పుగా ఉన్న స్క్రూ వాడాలి. చిక్కు ఏమిటంటే, స్క్రూ ఏటవాలుగా లాగుతుంది కాబట్టి బిగించేటప్పుడు అర సగం మిల్లీమీటరో ఒకటో పైకి పాకుతుంది. గట్టిగా క్లాంప్ వేస్తేనే ఆగుతుంది. పైగా జిగ్ (బెజ్జం సరైన చోట, సరైన వాలులో పడేలా బిట్‌ని నడిపించే అచ్చు) కొనాలి, అర కింద బెజ్జాలు కనిపిస్తాయి.

మీ పనిముట్లతో తేలిగ్గా అయ్యేది నేరుగా ఆనించి జిగురు, స్క్రూ వేయడమే. అంచు విచ్చుకోవడానికి స్క్రూ కారణం కాదు, ముందు బెజ్జం వేయకుండా దింపడం కారణం. లెక్క ఇది:

స్క్రూ 4 × 50 మిమీ. పక్క పలకలో 4.5 మిమీ బెజ్జం, అంటే స్క్రూ అందులోంచి వదులుగా జారిపోవాలి. అర అంచులో 2.5 లేదా 3 మిమీ బెజ్జం, లోతు 35. పక్క పలక బయటి ముఖాన తల కూర్చునేలా కౌంటర్‌సింక్. లోతు 300 కాబట్టి ఒక్కో జాయింట్‌కి మూడు స్క్రూలు: ముందు అంచు నుంచి 50, 150, 250 దగ్గర. చివరికి 40 మిమీ కన్నా దగ్గరగా వేయకండి.

పక్క పలకలో పెద్ద బెజ్జం ఎందుకంటే, మర రెండు ముక్కల్లోనూ పట్టుకుంటే వాటి మధ్య సందు ఎంతుందో అంతే ఉండిపోతుంది. ఎంత తిప్పినా దగ్గరికి రావు. మీరు ఇంకా తిప్పుతారు, అంచులో మర చెరిగిపోతుంది. జాయింట్‌లో సందు మిగిలిందంటే నూటికి తొంభై సార్లు ఇదే.

ఇంకో చిట్కా: స్క్రూ దింపే ముందు అర పై ముఖాన్ని, కింది ముఖాన్ని కలిపి అంచు దగ్గర ఒక క్లాంప్‌తో నొక్కి పట్టండి. పొరలు విచ్చుకోవడానికి చోటుండదు. డ్రిల్ క్లచ్ తక్కువలో పెట్టి, చివరి చుట్టు చేత్తో స్క్రూడ్రైవర్‌తో తిప్పండి.

మూలమట్టం

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ, కొత్తరంపం గారి భయం తప్పు చోట ఉంది.

వరసగా నిలబెట్టిన పుస్తకాల బరువు మీటరుకి సుమారు 30 కిలోలు వేసుకోండి. మీ అర లోపలి వెడల్పు 765 మిమీ దరిదాపు, అంటే 23 కిలోలు. రెండు వైపులా కలిపి ఆరు స్క్రూలు, జిగురు. ఆ బరువుకి అవి తెగవు, ఊడవు. గాడి లేకపోతే అర పడిపోతుందని చెప్పేవాళ్లు అతి చేస్తున్నట్టే.

షెల్ఫ్‌ని పాడుచేసేది పక్క ఊపు. వెనక పలక లేని షెల్ఫ్‌ని పై మూల పట్టుకుని పక్కకి తోయండి, దీర్ఘచతురస్రం వాలిపోవడానికి చూస్తుంది. ఆ వాలుడంతా పది జాయింట్ల మీద తిరుగుడుగా పడుతుంది. ఒక్కో జాయింట్ మందం 18 మిమీ కూడా లేదు, తిరుగుడుకి అది ఏం ఆపగలదు? రోజూ కాస్త కాస్త ఊగితే మొదట జిగురు గీత పగులుతుంది, తర్వాత స్క్రూ బెజ్జాలు వదులవుతాయి. అప్పుడు జనం జాయింట్‌ని తిడతారు. డవ్‌టెయిల్ వేసినా, డోవెల్ వేసినా వెనక పలక లేకపోతే కథ ఇదే.

6 మిమీ ప్లై వెనక పలక వేయండి. మీకు రౌటర్ లేదు కాబట్టి రిబేటు (అంచు వెంబడి మెట్టులాంటి గాడి) తీసి లోపల కూర్చోబెట్టే పని పెట్టుకోకండి. వెనక అంచుల మీద నేరుగా పరచండి. 800 × 1200 బదులు 798 × 1198 కోస్తే చుట్టూ ఒక మిల్లీమీటరు లోపలికి ఉంటుంది, పక్క నుంచి చూసినా కళ్లకి ఆనదు. జిగురు రాసి 3 × 20 స్క్రూలు, 150 మిమీకి ఒకటి, 2 మిమీ ముందు బెజ్జంతో. చుట్టూ మాత్రమే కాదు, మధ్య అరల వెనక అంచుల్లోకి కూడా వేయాలి.

బిగించే ముందు మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. మీ కొలతకి 1442 మిమీ రావాలి. రెండింటికీ తేడా 2 మిమీ లోపుంటే చాలు. ఎక్కువుంటే, పొడవున్న కర్ణం మీదుగా క్లాంప్ వేసి దగ్గరికి నొక్కి, అప్పుడు వెనక పలక బిగించండి. జిగురు ఆరాక సరిచేద్దామంటే కుదరదు.

మూలల్లో ఎల్ ఆకారం ఇనప బిళ్లలు వేసి వెనక పలక మానేద్దామనే ఆలోచన వస్తే ఆపేయండి. వాటి స్క్రూలు 15 మిమీ ఉంటాయి, ఊపుకి మొదట వదులయ్యేది అవే.

పొరలెక్క

జాయింట్ గురించి అందరూ చెబుతున్నారు, అర వంగడం గురించి రెండు ముక్కలు. మీటరుకి అంతే పుస్తకాలు పేర్చినప్పుడు వంపు పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 765 నుంచి 1000 మిమీకి వెళ్తే పొడవు మూడో వంతు కూడా పెరగలేదు, వంపు మాత్రం దాదాపు మూడు రెట్లు. కాబట్టి 800 వెడల్పు దగ్గర ఆగడం మంచి నిర్ణయం, ఇంకా పెంచకండి. ముఖం మీది నార అర పొడవు వెంబడి పోవాలి, అడ్డంగా కాదు. మనసు ఊరుకోకపోతే ముందు అంచుకి 40 మిమీ ఎత్తు, 18 మిమీ మందం ఉన్న గట్టి చెక్క పట్టీ అతికించండి. పై అంచులు సమానంగా ఉండాలి. అర గట్టిదనం రెట్టింపు దాటుతుంది.

కొత్తరంపం

అందరికీ ధన్యవాదాలు. వెనక పలక ఖాయం. స్క్రూ, జిగురుకే వెళ్తాను. ఇంక రెండు అనుమానాలు.

పక్క పలక మీద ఒక్కో వైపు పదిహేను స్క్రూ తలలు. పుట్టీ పెడితే ఆ చోట్లు మచ్చల్లా కనిపిస్తాయి కదా. డోవెల్ వేస్తే తలలుండవంటున్నారు, జిగ్ లేకుండా రెండు వైపులా బెజ్జాలు కలుస్తాయా?

రెండోది, ట్రిమ్మర్ దొరికితే గాడి తీయడం వల్ల నాకేమైనా లాభముందా, లేక ఊరికే పనా?

పొరలెక్క

మామూలు డోవెల్‌కి జిగ్ లేకపోతే కష్టమే. 8 మిమీ డోవెల్, 30 మిమీ పొడవు అనుకుంటే పక్క పలక ముఖంలో 12, అర అంచులో 20 లోతు తవ్వాలి. మొత్తం 32, ఆ రెండు మిల్లీమీటర్లు జిగురు కోసం. ముఖంలో 12ని బాగా దాటితే బిట్ ముందున్న మొన పలక అవతలికి పొడుచుకొస్తుంది. ఒక్క బెజ్జం అర మిల్లీమీటరు పక్కకి పోయినా జాయింట్ మూసుకోదు. మూడు డోవెళ్లు ఉంటే మూడూ కుదరాలి. మొత్తం ముప్పై జాగాలు మీవి.

మీకు సరిపోయే దారి ఇంకోటి ఉంది, బయటి నుంచి వేసే డోవెల్. ముందు ఉలిపట్టు గారు చెప్పినట్టు జిగురు, స్క్రూ వేసి షెల్ఫ్ మొత్తం కట్టేయండి. ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత ఒక స్క్రూ తీయండి, అదే బెజ్జంలో 8 మిమీ బిట్ పెట్టి మొత్తం 48 మిమీ లోతుకి తవ్వండి. పక్క పలక 18 పోగా అర అంచులో 30. బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. లోపల జిగురు రాసి 50 మిమీ డోవెల్ కొట్టండి. బయటికి మిగిలిన కొస కోసేయండి. అది ఆరాక రెండో స్క్రూ. ఎప్పుడూ ఒక్కటే తీయాలి, మిగతావి జాయింట్‌ని పట్టుకుని ఉంటాయి.

రెండు బెజ్జాలు కలుస్తాయా అన్న ప్రశ్నే ఉండదు, రెండూ ఒకేసారి తవ్వుతున్నారు కాబట్టి. 18 మిమీ అంచులో 8 మిమీ బెజ్జానికి అటూ ఇటూ 5 మిమీ మిగులుతుంది. డ్రిల్ కొద్దిగా వాలినా అర పైకి పొడుచుకు రాదు, బాగా వాలితే వస్తుంది. బెజ్జం పక్కన మూలమట్టం నిలబెట్టి బిట్‌ని దానితో పోల్చి చూసుకుంటూ తవ్వండి.

ఒక జాగ్రత్త. నున్నటి డోవెల్ వాడకండి, నిలువు గీతలున్నది తీసుకోండి. నున్నటిది జిగురు నిండిన బెజ్జంలోకి పిస్టన్‌లా దిగుతుంది. జిగురుకి పైకొచ్చే దారి ఉండదు, ఆ ఒత్తిడికి పొరలు లోపల్నుంచే పగులుతాయి. మీరు స్క్రూతో తప్పించుకున్న పగులు సుత్తితో తెచ్చుకున్నట్టు అవుతుంది. గీతలున్నది దొరక్కపోతే రంపం పళ్లతో డోవెల్ పొడవునా రెండు గీతలు గీయండి. జిగురు బెజ్జం గోడలకి పల్చగా చాలు, అడుగున గుమ్మరించకండి.

కొస కోసేటప్పుడు మధ్యలో బెజ్జం ఉన్న అట్టముక్క పలక మీద పరిచి కోయండి. రంపం పళ్లు ముఖం పొరని గీరవు. మిగిలిన ఆ అట్ట మందాన్ని ఉలితోనో ఉప్పుకాగితంతోనో దించండి. ముఖం పొర చాలా పల్చగా ఉంటుంది, మెషిన్ సాండర్ ఒక్క చోట నిలబెడితే కింది పొర బయటపడుతుంది.

ఫలితం దాపరికంగా ఉండదు, వరసలో గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి. కొలిచి వేస్తే అది అలంకారం, అటూ ఇటూ వేస్తే అతుకు.

ఉలిపట్టు

గాడి మాట నేను చెబుతాను. మూలమట్టం గారన్నట్టు బలం కోసమైతే అక్కర్లేదు. గాడి లాభం వేరు: అర ఎక్కడ కూర్చోవాలో గాడి చెబుతుంది. జిగురు రాశాక అర జారదు, వంకర రాదు, బిగించేటప్పుడు మూడో చెయ్యి కావాలనిపించదు. పలక కొద్దిగా పళ్లెంలా వంగి ఉన్నా గాడి దాన్ని నిటారుగా లాగి పట్టుకుంటుంది.

లోతు పలక మందంలో మూడో వంతు, 6 మిమీ చాలు. రెండు విడతల్లో, 3 చొప్పున. ఎక్కువ తీస్తే పక్క పలక అక్కడ బలహీనమవుతుంది, లాభం మాత్రం పెరగదు.

కొత్తవాళ్లు పడే గొయ్యి గాడి వెడల్పు దగ్గర ఉంది. 18 మిమీ అని రాసి ఉన్న ప్లై కొలిస్తే తరచుగా 17.2కీ 17.8కీ మధ్య ఏదో ఒకటి వస్తుంది. 18 మిమీ బిట్‌తో ఒక్కసారిగా తీసిన గాడిలో అర లొడలొడలాడుతుంది. మామూలు తెల్ల జిగురు సందు నింపదు, సందు ఉన్నచోట ఆరాక దానికి బలం ఉండదు. 12 మిమీ బిట్ తీసుకోండి. పలక మీద అర తాలూకు తుంపు ముక్క నిలబెట్టి, దానికి అటొకటి ఇటొకటి రెండు తిన్నటి కర్రలు ఆనించి బిగించండి. ముక్క తీసేస్తే ఆ కర్రల మధ్య సందే మీ గాడి వెడల్పు. బిట్ కాడ వైపు, పళ్లకి పైన, బిట్ అంత వెడల్పే ఉన్న బేరింగ్ ఉండి, ఆ బేరింగ్ కర్రలకి రాసుకుంటూ పోతే గాడి సరిగ్గా ముక్క మందమే వస్తుంది. బేరింగ్ లేని బిట్ అయితే ట్రిమ్మర్ అడుగు అంచు నుంచి బిట్ అంచుదాకా ఉన్న దూరాన్ని లెక్కలో కలపాలి, అక్కడే తప్పులు జరుగుతాయి.

గాడి గీత మీద ముందు పదునైన కత్తితో గట్టిగా గీయండి. పై పొర పెచ్చు లేవదు.

గాడి తీస్తే అర పొడవు మారుతుందని మరవకండి: రెండు వైపులా 6 చొప్పున 12 మిమీ పెరగాలి. పక్క పలకలో మిగిలిన మందం 12 లోపే కాబట్టి 4 × 40 స్క్రూ సరిపోతుంది.

ఇంత చెప్పి కూడా మొదటి షెల్ఫ్‌కి నా ఓటు గాడికి కాదు. పది గాడులు, అందులో ఎడమ పలకవి కుడి పలకవి ఎదురెదురుగా రావాలి. ఒక్కటి 2 మిమీ తప్పితే ఆ అర ఎప్పటికీ వంకరే. స్క్రూతో అయితే విప్పి జరిపి మళ్లీ వేయొచ్చు.

కొత్తరంపం

సరే, గాడి లేదు. స్క్రూ, తర్వాత బయటి డోవెల్. కోత పట్టీ ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి.

పక్క పలకలు 2: 1200 × 300
అరలు 5: 764 × 300
అడుగు పట్టీ 1: 764 × 60
వెనక పలక 6 మిమీ: 798 × 1198

2440 × 1220 షీటు ఒకటి చాలనుకుంటున్నాను. పొడవునా 300 వెడల్పు పట్టీలు నాలుగు కోసి, తర్వాత ఒక్కో పట్టీని పొడవుకి తెగ్గోద్దామని.

మూలమట్టం

764 ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది, 800లోంచి రెండు పద్దెనిమిదులు తీసేశారు. మీ షీటు మందం కొలవండి. 17.5 ఉంటే 765 కోయాలి. నిజానికి 764 అయినా కొంపలు మునగవు, షెల్ఫ్ మొత్తం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది, వెనక పలకని ఆ మేరకు తగ్గిస్తే సరి. కొంప ముంచేది ఏమిటంటే ఒక అర 764, ఇంకోటి 765.5 రావడం. అప్పుడు పొట్టి అర దగ్గర సందు, పొడుగు అర దగ్గర పక్క పలక ఉబ్బు.

అందుకే మీ కోత వరస తిరగేయండి. పట్టీలు కోసి తర్వాత ఐదుసార్లు పొడవు కొలిస్తే ఐదు రకాల పొడవులు వస్తాయి. ముందు షీటుని అడ్డంగా కోయండి: ఒక ముక్క 1200, ఇంకోటి 765. ఆ 765 × 1220 ముక్కని 300 చొప్పున చీలిస్తే నాలుగు అరలు వస్తాయి, నాలుగింటి పొడవూ ఒకే కోతలో తేలింది కాబట్టి తేడా ఉండదు. నార కూడా అర పొడవు వెంబడే వస్తుంది. 1200 ముక్కలోంచి రెండు పక్క పలకలు, మూడో పట్టీలోంచి ఐదో అర. దానికి టేపు పెట్టకండి, తయారైన అరని పైన పెట్టి గుర్తు గీయండి. నాలుగో పట్టీలో అడుగు పట్టీ, కొలత కర్రలు. 470 దరిదాపు ముక్క ఒకటి మిగులుతుంది, దాన్ని దాచండి, పని మొదలయ్యే ముందు దానితో అవసరముంది.

నాలుగు పట్టీలు 1200, మూడు కోతలకి రంపం తినేది 8 మిమీ లోపు. 1220లో ఇంకా పన్నెండు మిగులుతుంది, దెబ్బతిన్న షీటు అంచుని తీసేయడానికి వాడుకోండి.

చేతి సర్కులర్ సా పళ్లు కింద నుంచి పైకి కోస్తాయి, పెచ్చు పై ముఖాన లేస్తుంది. కాబట్టి మంచి ముఖం కిందికి పెట్టండి. 40 పళ్లు లేదా అంతకన్నా ఎక్కువున్న బ్లేడు వేయండి, గీత వెంబడి టేపు అంటించండి, కింద పలక పొడవునా ఆనుడు ఉండాలి. చివర్లో ముక్క వేలాడితే బ్లేడు బిగుసుకుని మెషిన్ వెనక్కి తన్నుతుంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి.

కట్టే వరస: అరల మధ్య ఖాళీ 1200 − 60 − 87.5 = 1052.5, నాలుగో వంతు 263. సరిగ్గా 263 మిమీ కొలత కర్రలు రెండు కోయండి, ఇంక టేపు అక్కర్లేదు. అన్ని ముక్కల్నీ ముందు అంచు నేలకి ఆనించి నిలబెట్టండి, ముందు వైపు దానంతటదే ఒకే మట్టానికి వస్తుంది. నేల చదునుగా ఉందో లేదో ముందే చూసుకోండి. జిగురు లేకుండా ఒకసారి మొత్తం కట్టి, అన్ని బెజ్జాలూ వేసి, ముక్కల మీద అంకెలు రాసి విప్పండి.

తర్వాత జిగురు. ప్లై అంచు స్పాంజిలా పీలుస్తుంది. పల్చగా ఒక పూత రాసి, ఐదు నిమిషాలాగి రెండో పూత రాయండి. ఒక్క పూతతో బిగిస్తే జిగురంతా అంచులోకి పోయి జాయింట్ ఎండిపోతుంది. ఎడమ పలకకి ఐదు అరలూ ఒక్కొక్కటిగా బిగించండి, తొందరేం లేదు. కుడి పలకకి మాత్రం ఐదు కొసలూ ఒకేసారి. తెల్ల జిగురు పది నిమిషాల్లో పొర కట్టడం మొదలెడుతుంది, ఎండలో ఇంకా త్వరగా. బెజ్జాలు ముందే ఉన్నాయి కాబట్టి పదిహేను స్క్రూలు ఆ వ్యవధిలో పడతాయి. వెంటనే కర్ణాలు, వెనక పలక.

బయటికి ఉబికిన జిగురుని తడిగుడ్డతో రుద్దకండి, పలచబడి చెక్కలోకి ఇంకుతుంది, రంగు వేసినప్పుడు ఆ చోటు తెల్లగా తేలుతుంది. అరగంట తర్వాత రబ్బరులా అయినప్పుడు ఉలితో గీస్తే పట్టీలా వచ్చేస్తుంది.

మిగిలిన ముక్క సంగతి: అందులోంచి 150 మిమీ తుంపులు రెండు కోసి ఒక జాయింట్ వేయండి. జిగురు మాత్రమే, స్క్రూ వద్దు, క్లాంప్‌తో పట్టించండి. మర్నాడు విరగ్గొట్టండి. జిగురు గీత దగ్గర శుభ్రంగా ఊడితే అంచు తిన్నగా కోయలేదు లేదా జిగురు చాలలేదు. ముఖం పొర చీలి అంచుకి అంటుకుని వస్తే మీ జాయింట్ సరిగ్గా ఉంది.

కొత్తరంపం

చాలా థాంక్స్ అండీ. కోత వరస నాకు అసలు తట్టలేదు. చివరగా ఒకటి. రెండు ముఖాలకీ ముందే లామినేట్ అంటించిన ప్లై దొరుకుతోంది, పాలిష్ పని తప్పుతుందని దాని మీద మనసు పోతోంది. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

ఉలిపట్టు

పనిచేయదు. తెల్ల జిగురు చెక్క నారలోకి ఇంకి పట్టుకుంటుంది, లామినేట్ మీద ఇంకే దారి లేదు. ఆరాక గోటితో గీకినా వచ్చేస్తుంది. అలాంటి పలకైతే గాడి తీయడానికి అసలు కారణం అప్పుడొస్తుంది: గాడి లామినేట్‌ని కోసుకుని చెక్కని బయటపెడుతుంది, జిగురు అక్కడ పట్టుకుంటుంది. ఈసారికి మామూలు ప్లై తీసుకోండి, అంచు వైపు చూసి పొరల మధ్య ఖాళీలు లేనిది ఎంచుకోండి. ఆ ఖాళీలోకి స్క్రూ పడితే గాల్లో తిప్పినట్టే.

ఇంకా, 1200 ఎత్తు, 300 లోతు ఉన్న షెల్ఫ్‌ని పిల్లలు పట్టుకుని ఎక్కితే ముందుకి పడుతుంది. పై అర కింద వెనక పలక లోపలి వైపు 60 మిమీ వెడల్పు పట్టీ ఒకటి, రెండు కొసలూ పక్క పలకలకి ఆని ఉండేలా జిగురుతో అతికించి, అందులోంచి గోడకి రెండు స్క్రూలు వేయండి. 6 మిమీ వెనక పలక ఒక్కదాన్నే నమ్మి గోడకి బిగించకండి, లాగితే చిరిగిపోతుంది. పట్టీకి మీ నాలుగో పట్టీలో చోటుంది.